ముప్పైమూడు పాయింట్ ఆరు

పోయిన నెల ఇందిరా నగర్‌లో ఒక మేడ మీది గదికి పిలుపొచ్చింది. కడప నుంచి పీజీ చదవడానికి వచ్చిన కుర్ర డాక్టరు. నేను చెప్పులు విప్పేలోపే మొదలెట్టాడు. "అన్నా, నెట్ చానా స్లో. 300 ప్లానుకు డబ్బులు కడతాండా, 95 కూడా దాటడంలేదు." ల్యాప్‌టాప్‌లో స్పీడ్ టెస్టు పెట్టి చూపించాడు. ముల్లు 94.9 దగ్గరికొచ్చి మేకు కొట్టినట్టు ఆగింది.

ఆ అంకె చూస్తే చాలు, వైరు ముట్టుకోకుండానే రోగం చెప్పేయొచ్చు. నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది పోగులుంటాయి. రెండేసి మెలిపెట్టిన నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్ నడవడానికి రెండు జతలు సరిపోతాయి, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క పోగు తెగినా రెండు చివర్లూ మాట్లాడుకుని 100కి రాజీపడిపోతాయి. ఎర్ర దీపం వెలగదు, ఫిర్యాదు రాదు. ఆ 100లో చిరునామాలకీ తనిఖీలకీ పోయేది పోగా చేతికి దక్కేది 94.9. వెతికితే మంచం కోడు కింద కేబుల్ నలిగి ఉంది. నీలం జతలో ఒక పోగు పుటుక్కుమంది. అంతవరకూ కోసేసి కొత్త కనెక్టరు తొడిగి, క్రింపింగ్ టూల్‌తో ఒక్క నొక్కు నొక్కాను. ముల్లు 300 దగ్గరికి పోయి నిలబడింది.

"మీ కాలంలో ఎంతొచ్చేదన్నా?" అన్నాడు, ఊరికే మాట కోసం.

"ముప్పైమూడు పాయింట్ ఆరు."

"పర్వాలేదే, 33 ఎంబీ అంటే..."

"ఎంబీ కాదు డాక్టరుగారూ, కేబీ. అదీ ఆరుగురికి."

నవ్వాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నూట యాభై రూపాయలు ఫోన్లో పంపాడు. అతను తెర మీంచి వేలు తీసేలోపే నా జేబులో ఫోను మోగింది.

మాది యానాం. మ్యాపులో చూస్తే కాకినాడ పక్కన గోదారి ఒడ్డున ఉంటాం, కాగితాల్లో మాత్రం పాండిచ్చేరి వాళ్ళం. రాజధాని ఎనిమిది వందల చిల్లర కిలోమీటర్ల దూరం. మా బాబాయి అక్కడ ప్రభుత్వంలో గుమాస్తా. గోరిమేడులో గది తీసుకున్నానని ఆయన ఉత్తరం రాస్తే, "గోరీల దగ్గర గదేంట్రా, ఇంకెక్కడా దొరకలేదా మీ బాబాయికి?" అంది అమ్మ. తమిళంలో మేడు అంటే మిట్ట అని ఆవిడకి సర్దిచెప్పాం. ఊరికి వాయవ్యంగా, తిండివనం వెళ్ళే రోడ్డు మీద ఎర్రమట్టి మిట్ట ఇది. దాటితే తమిళనాడు. ఈ మిట్టకి అసలు పేరు తెచ్చింది జిప్మర్. ఫ్రెంచివాళ్ళు 1823లో పెట్టిన వైద్య పాఠశాల దాని మూలం. 1964 నుంచి జిప్మర్ పేరుతో ఇక్కడ నడుస్తోంది. వైద్యం కోసం నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ తెలుగువాళ్ళు వస్తారు. చదువు కోసం అన్ని జిల్లాల నుంచీ వస్తారు. ఆసుపత్రి గేటుకి ఎదురు వరసలో నిలబడితే మందుల షాపు, ఇడ్లీ కొట్టు, కొబ్బరిబోండాల బండి, వీటన్నిటి మధ్యలో ఎవరో ఒకరి నోట తెలుగు వినపడక మానదు.

ఆ తెలుగే నాకు ఉద్యోగం ఇప్పించింది. 1996లో డిగ్రీ పరీక్షలు రాసి ఊరికే తిరుగుతుంటే, బాబాయి స్నేహితుడు తన ఎస్టీడీ బూత్‌లో కూర్చోబెట్టాడు. పసుపు బోర్డు, అద్దాల గది, నెత్తిన ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు. పేషెంట్ల తాలూకు మనుషులు రాత్రి పొద్దుపోయాక పావు రేటు కోసం వచ్చి వరసలో కూర్చునేవాళ్ళు. మాట్లాడాల్సింది ముందే మనసులో సిద్ధం చేసుకునేవాళ్ళు. "ఆపరేషను బాగానే అయింది, రెండువేలు పంపించు, ఉంటా." పద్దెనిమిది సెకన్లు. సమాచారాన్ని కుదించడమంటే ఏమిటో కంప్యూటర్లు రాకముందే అక్కడ నేర్చుకున్నాను.

2000 సంక్రాంతికి నేనే సొంతంగా బ్రౌజింగ్ సెంటర్ పెట్టాను. ఆరు కంప్యూటర్లు. రెండు కొత్తవి, నాలుగు మద్రాసు రిచీ స్ట్రీట్‌లో బేరమాడి తెచ్చిన పాతవి. ఒక టెలిఫోన్ లైను. దానికి ఒక మోడెం. గంటకి అరవై రూపాయలు.

మోడెం చూడనివాళ్ళకి ఎలా చెప్పాలా అని చాలాసార్లు ఆలోచించాను. టెలిఫోన్ వైరు మనిషి గొంతు కోసం పుట్టింది. కంప్యూటరు దగ్గర గొంతు లేదు, ఒకట్లూ సున్నాలూ ఉన్నాయి. వాటిని కూతలుగా మార్చి వైరులోకి వదలాలి, అవతలివైపు ఆ కూతల్ని విని మళ్ళీ ఒకట్లూ సున్నాలూ చెయ్యాలి. ఈ రెండు పనులూ చేసేది మోడెం. ముందు మామూలు ఫోన్లాగే నంబరు తిప్పుతుంది. మాది 172తో మొదలయ్యే నంబరు. అవతల ఎత్తగానే సన్నని ఈల ఒకటి, 2,100 హెర్ట్జ్‌ది. అది పలకరింపే కాదు. ఇది మనుషుల మాట కాదు, మీ ప్రతిధ్వని అణిచే యంత్రాలు ఆపేయండి అని టెలిఫోన్ వ్యవస్థకి చెప్పే హెచ్చరిక కూడా. ఆ తరవాత రెండు మోడెంలూ లైను ఎంత బాగుందో పరీక్షించుకుంటూ కీచుమంటాయి, గురగురమంటాయి, చివరికి జల్లు పడ్డట్టు ఒక్క హోరు. హోరు ఆగితే కలిసినట్టు. నిజానికి హోరు ఆగదు, స్పీకరు ఆగుతుందంతే.

నెల తిరిగేసరికి ఆ చప్పుడు విని ఈసారి ఎంత వచ్చిందో తెర చూడకుండా చెప్పేవాణ్ణి. గురగుర ఎక్కువసేపు సాగితే 26.4. ఇంకా సాగితే కలవదు, మళ్ళీ తిప్పుకోవడమే. గుక్కతిప్పుకోకుండా హోరులోకి వెళ్ళిపోతే 33.6. డబ్బా మీద 56 అని రాసి ఉన్నా మా లైనులో అది ఏనాడూ రాలేదు. దానికో కారణముంది, అదేంటో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

టెలిఫోన్‌లో పోయే గొంతు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. మనిషి మాట గుర్తుపట్టడానికి అంత చాలు. డిజిటల్ ఎక్స్చేంజి ఆ గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 8 బిట్లలో రాసుకుంటుంది. సెకనుకి 64,000 బిట్లు. కొలిచేటప్పుడు పడే చిన్న చిన్న తేడాలే రొద. ఆ రొదలో రెండువైపులా కూతలతో మాట్లాడుకునే మోడెంలు 35 కేబీపీఎస్ దాటడం అసాధ్యమని లెక్కలు చెబుతాయి. 33.6 అంటే ఆ గోడకి దాదాపు వీపు ఆనించి నిలబడ్డట్టే. బ్రెంట్ టౌన్‌షెండ్ అనే ఇంజినీరు గోడ బద్దలుకొట్టలేదు, పక్కనున్న తలుపు చూశాడు. ఇంటర్నెట్ ఇచ్చేవాడి వైపు కూత ఎందుకు, వాడు ఎక్స్చేంజికి నేరుగా అంకెలే ఇస్తున్నాడు కదా అన్నాడు. అలా దిగుమతి 56 అయింది. ఎగుమతి, అంటే మనం పంపేది, 33.6 దగ్గరే ఉండిపోయింది. 1997లో రెండు జట్ల కంపెనీలు ఎక్స్2 అనీ కే56ఫ్లెక్స్ అనీ పొసగని రెండు పద్ధతులు తెచ్చి కొట్టుకున్నాయి. 1998లో వి.90 అనే ప్రమాణంతో తగవు తీరింది. కానీ దారిలో గొంతు ఒక్కసారే అంకెల్లోకి మారితేనే ఈ ఉపాయం పారుతుంది. మా కొట్టుకీ అవతలి చివరికీ మధ్య ఎక్కడో అది రెండుసార్లు మారేది. అందుకే మాకు 33.6 రాసిపెట్టి ఉంది.

అయినా దానికి ముందు సంగతి తలచుకుంటే నాది దొరతనమే. 1962లో అమెరికాలో బెల్ కంపెనీ అమ్మిన 103 రకం మోడెం సెకనుకి 300 బిట్లు. చదివేవాడి కన్ను కంటే కొంచెం వేగం, అంతే. 1989లో బొంబాయిలోని ఎన్సీఎస్టీ అనే పరిశోధన సంస్థ నుంచి అమెరికాకి వేసుకున్న లైను 9.6 కేబీపీఎస్. దేశంలోని పెద్ద పెద్ద చదువుల సంస్థల ఉత్తరాలన్నీ దాంట్లోంచే బయటికి పోవాలి. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ కంపెనీ వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ తెరిచినప్పుడూ అదే 9.6. కుర్రాళ్ళకి 500 రూపాయల షెల్ ఖాతా ఉండేది. నల్లని తెర మీద అక్షరాలే, బొమ్మ రాదు. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరిచాక గానీ నాలాంటివాడు గంటల ప్యాకెట్టు కొనుక్కుని కొట్టు పెట్టుకునే ధైర్యం చెయ్యలేకపోయాడు.

ఇప్పుడు మా కొట్టు లోపలికి రండి. ఆరు కంప్యూటర్లనీ కలిపింది కేబుల్ టీవీ వైరులాంటి నల్లటి వైరు. ప్రతి కంప్యూటరు వెనకా టీ ఆకారం ముక్క, రెండు చివర్లా 50 ఓముల మూత. ఎవడైనా కుర్చీ జరుపుతూ ఒక మూత ఊడగొడితే ఆరు కంప్యూటర్లూ ఒకేసారి చచ్చిపోయేవి. అదీ దాని గుణం. కానీ దాని వేగం ఎంతనుకున్నారు? 10 ఎంబీపీఎస్. గది లోపల 10,000 కేబీ, గోడ అవతల 33.6. దాదాపు 300 రెట్ల తేడా. హైవే అంత వెడల్పు దారి మీద వచ్చి సూదిబెజ్జంలో దూరాలి. ఈ తేడా కొత్తది కూడా కాదు. 1973లో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్నెట్ మొదలెట్టినప్పుడే అది 2.94 ఎంబీపీఎస్. 300 బిట్ల మోడెంతో పోలిస్తే దాదాపు 10,000 రెట్లు. గది లోపలి వైరు ఎప్పుడూ వీధి వైరుని వెక్కిరిస్తూనే ఉంది.

ఆరుగురూ ఒకేసారి నొక్కితే మనిషికి 5.6 కేబీపీఎస్, అంటే సెకనుకి 700 అక్షరాలు. ఆరుగురూ ఒకేసారి నొక్కరు, అదే నా వ్యాపార రహస్యం. ఒకడు చదువుతుంటాడు, ఒకడు టైపు చేస్తుంటాడు, ఒకడు యాహూలో అవతలి అమ్మాయి జవాబు కోసం చూస్తుంటాడు. వచ్చిన ప్రతివాడికీ బ్రౌజర్లో బొమ్మలు ఆపేసి ఇచ్చేవాణ్ణి. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె, మూల చిన్న గుర్తు. మెడికల్ కాలేజీ కుర్రాళ్ళు మాత్రం ఈనాడు కోసం వచ్చేవాళ్ళు. అప్పట్లో ఆ సైట్ చదవాలంటే దాని ఫాంటు ముందు దించుకోవాలి, లేదంటే తెలుగంతా పిచ్చి గీతల్లా కనబడుతుంది. ఆరు కంప్యూటర్లలోనూ ఆ ఫాంటు ఎక్కించి, గాజు తలుపు మీద "ఇక్కడ ఈనాడు కనపడును" అని కాగితం అంటించాను. తమిళ కుర్రాళ్ళు అదేదో మందు పేరనుకున్నారు.

నాలుగు ఎంబీల పాట ఒకటి దిగాలంటే లైనంతా దానికే ఇచ్చినా పదహారు పదిహేడు నిమిషాలు. అందుకే పాటలు దించడం నిషేధం అని గోడ మీద రాశాను. రాత్రి కొట్టు కట్టేశాక నేనే దించేవాణ్ణి. తెల్లారి చూస్తే తొంభై ఆరు శాతం దగ్గర లైను పడిపోయి ఉండేది. వాన పడితే చెప్పనే అక్కర్లేదు. రాగి అతుకులో తడి చేరితే గొంతులో గరగర, మనిషైతే "హలో హలో" అని సర్దుకుంటాడు, మోడెం సర్దుకోదు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. 2001లో, ఎంసెట్ ఫలితాల రోజు. ఆత్మకూరు నుంచి ఒకాయన భార్యని ఆసుపత్రిలో చేర్చి మూడు వారాలుగా గేటు దగ్గరే ఉంటున్నాడు. కూతురి హాల్ టికెట్ నంబరు బస్సు టికెట్టు వెనక రాసుకొచ్చాడు. సాయంత్రం ఏడింటికి కూర్చోబెట్టాను. పేజీ తెరుచుకోదు. రాష్ట్రమంతా అదే పేజీ మీద పడింది మరి. మిగతావాళ్ళని పంపించేసి లైనంతా ఆయనకే ఇచ్చాను. మళ్ళీ నొక్కడం, మళ్ళీ ఆగిపోవడం. తొమ్మిది దాటాక తెల్ల తెర మీద ఒక్కసారిగా పేరు, నంబరు, ర్యాంకు. మొత్తం పేజీ మూడు కేబీ ఉండదు. మా 33.6 లైనులో అది ప్రయాణం చేసింది ముప్పావు సెకను. మిగతా రెండు గంటలూ అవతలి గుమ్మం దగ్గర నిలబడ్డాం. నలభై వేల పైన ర్యాంకు. ఆయన తెరకేసి చూస్తూ, "ఇంతసేపు పట్టిందంటే మంచి ర్యాంకే అయ్యుంటదనుకున్నా అబ్బయ్యా" అన్నాడు. డబ్బులు తీసుకోలేదని ఏదో గొప్పకి చెప్పడంలేదు. అరగంటకి తీసుకున్నాను.

అప్పుడే నాకు తట్టింది, ఇరుకు ఒకచోట ఉండదు. లైను వెడల్పు చేస్తే అవతలి కంప్యూటరు దగ్గరికి పోతుంది, దాన్ని పెంచితే సముద్రం కింది తీగ దగ్గరికి. 2002లో మద్రాసు నుంచి సింగపూరుకి 8.4 టెరాబిట్ల సామర్థ్యంతో ఐటూఐ తీగ వేశారు. దాని పక్కనే నూట యాభై కిలోమీటర్ల దూరంలో నేను ఇంకా 33.6తో కుస్తీ పడుతున్నాను. ఇప్పుడా ఇరుకు తిరిగి తిరిగి కుర్ర డాక్టరు మంచం కోడు కిందికి వచ్చింది.

ఆ రోజుల్లో మా అమ్మకి నా ఫోను ఎప్పుడూ కలిసేది కాదు. మోడెం ఉన్నంతసేపూ లైను ఎంగేజే. ఆవిడ యానాంలో పక్కింటి నుంచి తిప్పేది, బుడుక్ బుడుక్ అని వినగానే పెట్టేసేది. మొదట్లో తిట్టింది. తరవాత దానికో అర్థం కనిపెట్టుకుంది. ఎంగేజ్ వచ్చిందంటే కొట్టు తెరిచాడు, జనం ఉన్నారు, ఒళ్ళు బాగుంది. పైగా కాల్ కలవలేదు కాబట్టి పైసా ఖర్చు లేదు. రోజూ తొమ్మిదింటికి ఒక ఎంగేజ్ విని పనిలో పడిపోయేది. నేను కంపెనీ వాళ్ళ దగ్గర గంటకి ఇంత అని కొనుక్కుంటున్న లైను మీద, ఆవిడ ఒక్క బిట్టు ఉత్తరాన్ని నాలుగేళ్ళపాటు ఉచితంగా అందుకుంది.

2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున్న సునామీ వచ్చింది. గోరిమేడు మిట్ట మీద ఉంది, సముద్రానికి దూరం. మాకు నీరు రాలేదు, ఆసుపత్రికి మనుషులు వచ్చారు. ఆ ఉదయం నేను కొట్టు తెరవలేదు, గేటు దగ్గర స్ట్రెచర్లు పట్టుకున్నవాళ్ళలో ఉన్నాను. టీవీలో చూసి అమ్మ ఫోను తిప్పింది. ఎంగేజ్. మళ్ళీ తిప్పింది, ఎంగేజ్. ఊరంతా ఒకేసారి ఫోన్లు చేస్తుంటే దారులన్నీ నిండిపోయి వచ్చిన చప్పుడది, నా మోడెంది కాదు. ఆవిడకి ఆ తేడా తెలియదు. కొట్టు తెరిచాడు, జనం ఉన్నారు అనుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. సాయంత్రం నేను చేసినప్పుడు, "ఇంత గొడవలో కూడా కొట్టు మానలేదేంట్రా నువ్వు" అంది. నేనేమీ చెప్పలేదు.

మూడు వారాలు తిరక్కుండానే, 2005 జనవరిలో, బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. 256 కేబీపీఎస్. అంతకుముందు అక్టోబరులో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అంటే 256కి తక్కువ కాకూడదని రాసుకుంది, సరిగ్గా ఆ గీత మీదే నిలబడింది. నన్ను ఆశ్చర్యపరిచింది వేగం కాదు. కొత్త వైరు వెయ్యకపోవడం. అదే స్తంభం, అదే అతుకు, అదే రాగి జత. గోడకి చిన్న తెల్లని డబ్బా, స్ప్లిటర్, బిగించారు. గొంతు కింద మెట్టులో ఉంటుంది, ఇంటర్నెట్ 26 కిలోహెర్ట్జ్ పైనుంచి మొదలై 1.1 మెగాహెర్ట్జ్ దాకా పరుచుకుంటుంది. ఆ పై అంతస్తులన్నీ రాగిలో మొదట్నుంచీ ఖాళీగానే ఉన్నాయి. 3,400 దగ్గర కత్తిరించింది ఎక్స్చేంజే. అయిదేళ్ళు నేను వైరుని తిట్టుకున్నాను, తప్పు వైరుది కాదు.

ఫోను ఎంగేజ్ కావడం మానేసింది. అమ్మ చేస్తే మోగేది, ఎత్తి మాట్లాడాలి, ఆవిడకి బిల్లు పడేది. "ఇదేం బ్రాడ్‌బ్యాండురా" అంది.

నెలకి 500 రూపాయల ప్లానులో పగలు లెక్కపెట్టి ఇచ్చేవారు, రాత్రి రెండు నుంచి ఎనిమిది దాకా ఎంతైనా వాడుకోవచ్చు. లాస్‌పేటలో, ఇందిరా నగర్‌లో రాత్రి రెండింటికి అలారం పెట్టుకు లేచే కుర్రాళ్ళు తయారయ్యారు. 2007 మొదట్లో 2 ఎంబీపీఎస్ అన్నారు. నా రేటు అరవై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి పదికి దిగింది. 2009లో కొట్టు మూసేశాను. రిజిస్టర్లు తొమ్మిది మిగిలాయి. పేరు, సిస్టం నంబరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము. వైరు లాగడం చేతనైన పని కాబట్టి అదే వృత్తి చేసుకున్నాను.

2010లో జాతీయ జ్ఞాన నెట్‌వర్క్‌కి కేంద్రం ఒప్పుకుంది. చదువుల సంస్థలకి గిగాబిట్లలో దారులు. జిప్మర్ దక్షిణాది వైద్య కళాశాలలకి ఒక కేంద్రమైంది. ఇప్పుడు యానాంలో కూడా జిప్మర్ వారి విభాగం ఉంది, 2024 ఫిబ్రవరిలో తెరిచారు. ఒక సీటీ స్కాన్ లెక్క వేసుకుందాం. ఒక్కో కోత 512 చుక్కల పొడుగు, అంతే వెడల్పు, చుక్కకి రెండు బైట్లు, అంటే అర ఎంబీ. 500 కోతలైతే 260 ఎంబీ పైన. యానాం నుంచి గోరిమేడుకి నా పాత మోడెంలో పంపితే పదిహేడు గంటల పైనే. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో ఫిల్ము చేతపట్టుకుని రావడమే నయం. గిగాబిట్ లైనులో రెండు సెకన్లు. అంత దూరం గాజులోంచి దాటడానికి వెలుగుకి పట్టేది సెకనులో వెయ్యో వంతులు నాలుగు. ఆ మోడెం తనలో తాను ఆలోచించుకోవడానికే దానికి ముప్ఫై నలభై రెట్లు తీసుకునేది.

పంచుకోవడం మాత్రం పోలేదు. వీధిలోకి వచ్చే ఒక్క ఫైబర్ పోగులో రెండున్నర జీబీపీఎస్ వస్తుంది. దాన్ని డబ్బాలో చీల్చి ముప్ఫై రెండు ఇళ్ళకి, కొన్నిచోట్ల అరవై నాలుగు ఇళ్ళకి ఇస్తారు. అందరూ ఒకేసారి నొక్కరన్న నమ్మకంతోనే. నా వ్యాపార రహస్యమే, బోర్డు మారింది. యానాం పొలిమేర దాటితే ఆంధ్రాలో ఉన్నవాళ్ళకి 2017లో ఏపీ ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది. నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్, టీవీ, ఫోను. తాళ్ళరేవులో మా అక్క ఇంట్లో అది చూసి వచ్చి, రాజధాని అని చెప్పుకునే ఊళ్ళో ఉంటున్న నేను కాసేపు మాట్లాడలేదు. ఇక పేజీలు కూడా ఊరుకోలేదు. ఇప్పుడొక మామూలు పేజీ రెండు ఎంబీలకి పైమాటే. 33.6లో అది ఎనిమిది నిమిషాలు. ర్యాంకు చూపించే పేజీయే ఇప్పుడు ర్యాంకు కంటే ముందు కోచింగ్ సెంటర్ల బొమ్మలు మోసుకొస్తుంది.

రాగికి ఒక గొప్ప ఉండేది, దాన్ని ఎవరూ తలచుకోరు. ఎక్స్చేంజిలో బ్యాటరీలు 48 వోల్టులు వైరులోనే పంపేవి. 2011 డిసెంబరు చివర్లో థానే తుపాను ఊరిని పెళ్ళగించి, కరెంటు రోజుల తరబడి రాకపోయినా, ఒక రాత్రి చీకట్లో మా ఇంటి ఫోను గణగణ మోగింది. 2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను వచ్చింది, ఒక్క రోజులో యాభై సెంటీమీటర్లకి దగ్గరగా కురిసింది. ఫైబర్ నీళ్ళలో మునిగినా దానికి పట్టదు, గాజుకి తడేమిటి. కానీ ఇంట్లో దాని డబ్బాకి కరెంటు లేదు. 300 ఎంబీపీఎస్ గోడకి వేలాడుతూ ఉంది, ఒక్క దీపం లేకుండా. బండి బ్యాటరీ 12 వోల్టులు తగిలించి బతికించాను.

కడప డాక్టరు నమ్మలేదన్న ఉక్రోషంతోనే కావచ్చు, ఆ సాయంత్రం అటక మీంచి పాత మోడెం దించాను. ఫైబర్ డబ్బాకి వెనక ల్యాండ్‌లైను కోసం చిన్న రంధ్రం ఉంది. దానికి తగిలించి, పాత ల్యాప్‌టాప్‌లో ఒక లైను ఆదేశం కొట్టాను. మోగితే ఎత్తు అని. దీపాలు వెలిగాయి. దీన్ని పిలిచే మోడెం ఇంకెక్కడా లేదని తెలుసు. అలా వదిలేసి స్నానానికి వెళ్ళాను.

బయటికొచ్చేసరికి మొబైల్లో అమ్మ. ఎనభై దాటాయి, ఇంకా నంబర్లు నోటికే తిప్పుతుంది, ల్యాండ్‌లైను నంబరు మారలేదు కాబట్టి దానికే చేస్తుంది. "ఒరేయ్, నీ పాత ఫోన్లో కీచురాయి దూరిందిరా. ఎత్తగానే చెవిలో కీ మని ఒకటే కూత. ఎవర్నైనా పిలిచి తీయించు."